ఎన్నికలలో అభ్యర్థుల పోలిక

సంతలో ఎద్దును కొనబోయే రైతు తొందరపడడు. పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. ఏ కొట్టంలో పెరిగిందో, ఏ కాడికి అలవాటుపడిందో విచారిస్తాడు. పిల్లకు సంబంధం చూచే పెద్దలు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు విచారించవలెనంటారు. కాని, ఐదు సంవత్సరాల పాటు మన నీటిని, నేలను, బడిని, బాటను గూర్చి నిర్ణయాలు చేయవలసిన శాసనసభ్యుని, లోక్‌సభ సభ్యుని ఎన్నుకొనేటప్పుడు ఈ విచారణ అంతా ఒక్కొక్కప్పుడు రెండు మాటలతో ముగిసిపోతున్నది. ‘మనవాడు’ అనేది ఒక మాట. ‘వాళ్లవాడు’ అనేది రెండవ మాట.

ఈ రెండు మాటలకు మించి తెలిసికొనగోరే ఓటరుకు మన కాలంలో ఒక కొత్త సాధనం లభించింది. చేతిలోని ఫోను తెరిచి నియోజకవర్గం పేరు చెప్పినంతనే అక్కడ పోటీచేసే అభ్యర్థుల చదువు, ఆస్తి, అప్పు, వారిపై గల కేసులు ఒకచోట కనిపిస్తాయి. ఇది సామాన్యమైన లాభం కాదు. అయినప్పటికీ, కర్నూలు, కడప మండలాల మెట్ట గ్రామాలలోని ఓటరుకు ఈ సాధనం నిజంగా ఉపయోగపడుతున్నదా? పడవలెనంటే దానిని ఏయే విధాల బాగుచేయవలె? ఈ ప్రశ్నలను గూర్చి ఈనాడు ఆలోచిద్దాము. ఏ పక్షాన్ని గాని, ఏ అభ్యర్థిని గాని పేరు పెట్టి చెప్పడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. తూచే త్రాసును గూర్చి మాత్రమే మనం మాట్లాడుకొంటున్నాము.

స్వతంత్ర భారతదేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951–52లో జరిగినప్పుడు, ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టినారు. పెట్టె మీద గుర్తు అంటించినారు. కాడి కట్టిన ఎద్దులు, గుడిసె, కంకీ కొడవలీ వంటి గుర్తులను చూచి, చదువురాని ఓటరు కూడా తన కాగితాన్ని తనకు నచ్చిన పెట్టెలో వేయగలిగినాడు. చదువురానివారికి ఓటెందుకని సందేహించినవారికి ఆ గుర్తులే సమాధానం చెప్పినవి. చాల ఏండ్లకు, 2015లో, ఓటింగు యంత్రం మీద పేరుకు, గుర్తుకు తోడు అభ్యర్థి ఛాయాచిత్రం కూడా చేరింది. ఒకే పేరుగల ఇద్దరు ముగ్గురు పోటీలో నిలిచినప్పుడు ఓటరు మోసపోకుండా చేసిన ఏర్పాటది. ఈ మార్పులన్నీ ఓటరు తాను కోరిన మనిషిని గుర్తుపట్టడానికి పనికివచ్చినవి. ఆ మనిషి ఎటువంటివాడో తెలిసికొనే మార్గం మాత్రం చాలకాలం వరకు ఏర్పడలేదు.

ఆ మార్గం న్యాయస్థానాల ద్వారా వచ్చింది. అహమ్మదాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ ఆచార్యులు కొందరు 1999లో అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ అనే సంఘాన్ని స్థాపించి, అభ్యర్థుల పూర్వచరిత్ర ఓటర్లకు తెలియజేయవలెనని ఢిల్లీ హైకోర్టుకు విన్నవించినారు. హైకోర్టు 2000లో వారి పక్షాన తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు 2002 మే 2న దానిని బలపరచి, అభ్యర్థిని గూర్చి తెలిసికొనే హక్కు రాజ్యాంగం ప్రసాదించిన భావప్రకటన స్వాతంత్ర్యంలో భాగమేనని నిర్ణయించింది. ఆ సంవత్సరంలోనే ప్రభుత్వం చట్టాన్ని సవరించి, న్యాయస్థానం ఏమి చెప్పినప్పటికీ చట్టంలో ఉన్నంతకు మించి అభ్యర్థి ఏమీ వెల్లడించనక్కరలేదన్నది. ఆ సవరణను ఎదిరించిన వ్యాజ్యాలలో మన తెలుగునాటి లోక్‌సత్తా సంస్థ వేసినది ఒకటి. 1999 ఎన్నికలనాడే అభ్యర్థుల చరిత్రను పరిశీలించి ప్రజలముందు పెట్టిన సంస్థ అది. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. ఇట్లు ఈ హక్కును సాధించడంలో తెలుగువారికి కూడా పాలు గలదు.

ఆనాటినుండి పోటీచేసే ప్రతి అభ్యర్థి నామినేషనుతోపాటు ఇరవైయారవ నమూనా పత్రం మీద ప్రమాణపూర్వకంగా తన వివరాలు దాఖలు చేయవలె. మనం అఫిడవిట్ అనేది దీనినే. తనకూ, భార్యకు లేదా భర్తకూ, తనపై ఆధారపడినవారికీ గల స్థిరచరాస్తులు, బ్యాంకు అప్పులు, ప్రభుత్వానికి చెల్లించవలసిన బాకీలు, ఆదాయపు పన్ను లెక్కలు, వృత్తి, విద్య, తనపై నడుస్తున్న కేసులు, పడిన శిక్షలు అన్నీ అందులో ఉండవలె. అబద్ధం చెప్పినా, దాచినా ఆరునెలల వరకు కారాగారం గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చును. గడులను ఖాళీగా వదలిపెట్టరాదని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. నేరారోపణలు గలవారు ఆ సంగతిని పత్రికలలో ప్రకటించవలెనని 2018లో చెప్పింది. అటువంటివారిని ఎందుకు ఎంపిక చేసినారో పార్టీలు కారణం చెప్పవలెననీ, గెలుస్తాడనేది ఒక్కటే కారణం కాజాలదనీ 2020లో చెప్పింది. ఈ సమాచారం ఒకే మొబైల్ యాప్‌లో లభించేటట్లు చేయుమని 2021లో ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది.

అఫిడవిట్ల నకళ్లను ఎన్నికల సంఘం తన వెబ్‌సైటులో ఉంచుతుంది. నో యువర్ క్యాండిడేట్ అనే యాప్‌ను కూడా తయారుచేయించింది. పైన చెప్పిన సంఘం వారి మైనేతా అనే వెబ్‌సైటు ఆ కాగితాలను చదివి, అంకెలను ఎత్తిరాసి, పట్టికలుగా చేసి, ఒక అభ్యర్థి ప్రక్కన మరొక అభ్యర్థిని నిలబెట్టి చూపుతున్నది. పదుల పుటల కాగితాలను, అందులో కొన్ని చేతివ్రాతవి, కొన్ని మసకబారిన నకళ్లు, వేల సంఖ్యలో కొద్దిరోజులలో చదివి క్రమపరచడం సులభమైన పని కాదు. వీటి లోపాలను చెప్పబోయేముందు ఈ శ్రమను గుర్తించడం న్యాయం.

ఇక మన ప్రాంతానికి వద్దాము. కర్నూలు జిల్లా పశ్చిమాన కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని ప్రాంతాలనుండి వానలు తప్పిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి. మిరపకోతలకు గుంటూరు వైపు, కట్టడాల పనికి బెంగుళూరుకు, హైదరాబాదుకు వెళతాయి. పోలింగునాటికి కొందరు తిరిగివస్తారు. కొందరిని అభ్యర్థుల మనుషులే బండ్లు పెట్టి పిలుచుకొని వస్తారు. అట్లు వచ్చిన ఓటరుకు అభ్యర్థులను గూర్చి తెలిసే సంగతులెన్ని? బండిలో తనను పిలుచుకొని వచ్చినవాడు చెప్పినన్ని. ఈ సాధనం ఎవరికైనా అత్యవసరమైతే ఇటువంటివారికే అత్యవసరం. కాబట్టి మార్పులను కూడా వీరి వైపునుండి ఆలోచించడం మంచిది.

మొదటి సంగతి కాలం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు నామినేషన్ల ఉపసంహరణ ఏప్రిల్ 29తో ముగిసింది. పోలింగు మే 13న జరిగింది. పోటీలో నిలిచినవారెవరో ఖాయమైన తరువాత ఓటరుకు మిగిలినది రెండు వారాలు. పట్టిక పోలింగుకు నాలుగు రోజులు ముందు సిద్ధమైతే చదువుకొన్న పట్టణవాసికి సరిపోవచ్చును. సుగ్గినుండి వచ్చే కూలీకి అందదు. అఫిడవిట్లను కాగితంగా పుచ్చుకొని నకలు తీయడానికి బదులు, అభ్యర్థి తానే అంకెలను గడులలో నింపేటట్లు చేసి, అచ్చువేసి సంతకం పెట్టించితే, దాఖలైననాడే పోలిక పట్టిక దానంతట అది తయారుకాగలదు. ఆ నమూనా పత్రంలోనే చివర వివరాల సంగ్రహం ఒకటి ఉన్నది. మొదట ఆ సంగ్రహాన్నయినా ఈ విధంగా పుచ్చుకొంటే సగం శ్రమ తగ్గుతుంది.

రెండవ సంగతి భాష. 2011 జనగణన ప్రకారం అక్షరాస్యత కర్నూలు జిల్లాలో నూటికి అరవై దరిదాపు, కడప జిల్లాలో అరవైయేడు. పశ్చిమ మండలాలలో ఇంకా తక్కువ. పోలిక పట్టికలు ప్రధానంగా ఇంగ్లీషులో ఉన్నవి. కోట్లను, లక్షలను అంకెల వరుసలుగా చూపినప్పుడు చదువుకొన్నవారికే సున్నలు లెక్కపెట్టుకొనే అవస్థ ఏర్పడుతుంది. కావున ఈ సాధనం తెలుగులో ఉండవలె. కర్నూలు, కడప పట్టణాలవారికి ఉర్దూలో, ఆదోని వైపువారికి కన్నడంలో కూడా ఉండవలె. అంతకంటె ముఖ్యం, అది మాట్లాడవలె. అభ్యర్థి పేరును తాకితే, అతని వివరాలు రెండు నిమిషాలలో స్పష్టమైన గొంతుతో వినిపించవలె. చదువురాని తల్లి కూడా ఫోనులో మనుమని మాట వింటూనే ఉన్నది గదా! రేడియోలో పనిచేసేవారికి ఒక సంగతి బాగా తెలుసు. కంటికోసం వ్రాసినది చెవికి పనికిరాదు. పట్టికలోని గడులను వరుసగా చదివి వినిపిస్తే ఎవరూ వినరు. “ఈయన వ్యవసాయదారుడు, పదవ తరగతి చదివినారు, భూమి ఇంత, అప్పు ఇంత, రెండు కేసులు విచారణలో ఉన్నవి, వాటిలో ఒకటి కొట్లాటకు సంబంధించినది” అని వాక్యాలుగా కూర్చవలె. అభ్యర్థులందరికీ ఒకే వరుస, ఒకే కొలత, ఒకే గొంతు ఉండవలె. గొంతులోని ఎత్తుపల్లాలు కూడా పక్షపాతం చూపగలవు.

మూడవ సంగతి కేసులు. ఇది మన ప్రాంతంలో మిక్కిలి జాగ్రత్తగా చూడవలసిన విషయం. ‘పది కేసులు’ అనే మాట ఒక్కటే చూపితే ఓటరుకు ఏమి తెలుస్తుంది? నీటికోసం రైతులను వెంటబెట్టుకొని రోడ్డుమీద కూర్చున్నవాని మీద కేసులుంటాయి. హత్యానేరం ఆరోపింపబడినవాని మీద కూడా కేసులుంటాయి. ఈ రెంటినీ ఒకే అంకెలో కలిపి కూడడం, బియ్యాన్నీ బెడ్డలనూ ఒకే శేరుతో కొలవడం వంటిది. తీవ్రమైన నేరారోపణలను వేరుగా చూపే పద్ధతి ఇప్పటికే ఉన్నది, అది మంచిదే. దానిని ఇంకొక అడుగు ముందుకు తీసికొనిపోవలె. సెక్షను సంఖ్యకు బదులు నేరం పేరు తెలుగులో చెప్పవలె. 2024 జూలై 1 నుండి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయసంహిత అమలులోకి వచ్చింది. పాత కేసు హత్యకు 302 అంటుంది, కొత్త కేసు 103 అంటుంది. ఇకమీదట కొన్నేండ్లు రెండు లెక్కలూ అఫిడవిట్లలో కలిసి వస్తాయి. సంఖ్యలను మాత్రమే చూపే పట్టిక ఓటరును గజిబిజి చేయక మానదు.

నేరం పేరుతోపాటు కేసు ఏ సంవత్సరంలో పెట్టినారు, ఏ దశలో ఉన్నది, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా, శిక్ష పడిందా అనేవి ఒకదాని ప్రక్క ఒకటి ఉండవలె. విచారణలో ఉన్న కేసు రుజువైన నేరం కాదనే మాటను అందరి పుటలలోను ఒకే విధంగా వ్రాయవలె. ముఠాకక్షలు నడిచిన ఊళ్లలో, ఎదుటివారి మీద కేసు పెట్టడం కూడా ఒక ఆయుధమేనని మనకు తెలుసు. అట్లని కేసులన్నీ కల్పితాలని త్రోసిపుచ్చడం కూడా తగదు. ఆ కక్షలలో భర్తలను, కొడుకులను పోగొట్టుకొన్న ఇండ్లు ఇంకా మనమధ్యనే ఉన్నవి. కాబట్టి ఉన్నది ఉన్నట్లు, విడమరచి చెప్పడమే సాధనం చేయదగిన పని. తీర్పు కేసులకు కోర్టులు చెప్పుతాయి, ఓటుకు ఓటరు చెప్పుతాడు.

నాల్గవది ఆస్తి. ఐదేండ్లలో ఆస్తి ఇన్ని రెట్లు పెరిగిందనే వార్త వినగానే మనకు అనుమానం కలుగుతుంది. అనుమానించవలసిన సందర్భాలు లేకపోలేదు. కాని కర్నూలు శివార్లలో తాతనాటి నాలుగెకరాలు గలవాని ఆస్తి, అతడు ఇల్లు కదలకుండా ఉన్నా, నేల ధర పెరిగినందువల్ల పెరుగుతుంది. అందుచేత మొత్తం విలువతోపాటు, వెనుకటి ఎన్నికనాటి అఫిడవిట్‌లో ఉన్న ఆస్తులేవి, తరువాత కొత్తగా చేరినవి ఏవి, ధర మారినందువల్ల పెరిగినదెంత అని విడదీసి చూపితే ఓటరు సరియైన ప్రశ్న అడగగలడు. భార్య పేర, పిల్లల పేర ఉన్నవి వేరుగా కనిపించవలె. అప్పు కూడా ప్రక్కనే ఉండవలె. ‘లేదు’ అన్న జవాబునూ, ‘వర్తించదు’ అన్న జవాబునూ, కాగితం చదవరాక వదలిన గడినీ ఒకే గీతతో చూపరాదు. ప్రతి అంకెను తాకితే అఫిడవిట్‌లోని ఆ పుట తెరుచుకొనేటట్లు చేస్తే, ఎత్తివ్రాతలో పొరపాటు దొర్లినా ఎవరైనా పట్టుకొని చెప్పగలరు. దిద్దిన తేదీ కూడా అక్కడే వ్రాయవలె.

అభ్యర్థి ప్రతి వస్తువునూ చెప్పవలసిన పనిలేదనీ, ఓటరు తెలిసికొనే హక్కుకు కూడా హద్దులున్నవనీ సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో ఒక తీర్పులో చెప్పింది. ఇది సమంజసమే. ఇంట్లోని చిన్నచిన్న వస్తువుల జాబితా మనకెందుకు? అంతకంటె ముఖ్యమైన కొరత వేరొకటి ఉన్నది.

ఆ కొరతే ఈనాటి ప్రసంగానికి కేంద్రం. మన పోలిక సాధనాలు అభ్యర్థికి ఏమి ఉన్నదో చెప్పుతున్నవి. అతడు ఏమి చేయదలచినాడో చెప్పడం లేదు. కేసు, కోటి అనే రెండు కొలతలతోనే మనిషిని కొలుస్తున్నవి. కేసులు లేనివారు ఇద్దరు, ఆస్తులు సమానంగా ఉన్నవారు ఇద్దరు ఎదురుపడితే ఓటరు ఎటు పోవలె? మళ్లీ ‘మనవాడు’ దగ్గరికే పోతాడు.

ఈ కొరతను తీర్చుకొన్న దేశాలున్నవి. నెదర్లాండ్స్‌లో 1989లో స్టెమ్‌వైజర్ అనే సాధనాన్ని విద్యార్థులకోసం పుస్తకంగాను, కంప్యూటరు డిస్కుగాను తయారుచేసినారు. 1998లో అది ఇంటర్నెట్టుకు ఎక్కింది. జర్మనీలో పౌరవిద్యా సంస్థ 2002లో వాల్‌ఒమాట్‌ను ప్రారంభించింది. స్విట్జర్లాండులో 2003లో మొదలైన స్మార్ట్‌వోట్ పార్టీలనే గాక, విడివిడి అభ్యర్థులను కూడా పోల్చుతున్నది. వీటన్నింటి పద్ధతి ఇంచుమించు ఒకటే. ప్రజాసమస్యల మీద కొన్ని చిన్న వాక్యాలు సిద్ధం చేస్తారు. వాటికి పార్టీలు లేదా అభ్యర్థులు ‘అంగీకరిస్తాము’, ‘అంగీకరించము’ అని జవాబు ఇచ్చి కారణం వ్రాస్తారు. ఓటరు కూడా అవే వాక్యాలకు తన జవాబు ఇస్తాడు. ఎవరి జవాబులు తన జవాబులకు దగ్గరగా ఉన్నవో సాధనం చూపుతుంది. జర్మనీలో ఆ వాక్యాలను కూర్చడంలో యువ ఓటర్లు పాల్గొంటారు. అందరూ ఔననే వాక్యాలను తీసివేసి, భేదాభిప్రాయం ఉన్నవాటిని నిలుపుతారు. ‘రైతు సుఖంగా ఉండవలెనా?’ అని అడిగితే కాదనేవాడెవడు?

మన ప్రాంతంలో అటువంటి ప్రశ్నలు ఎట్లుండవలె? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కాని అడగడంలో కూడా నేర్పు ఉన్నది. తుంగభద్ర దిగువ కాలువను చూడండి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు ప్రాణాధారమైన ఆ కాలువ కర్ణాటకలోని జలాశయంనుండి వస్తుంది. పూడిక చేరి, 133 టి.ఎం.సి.ల జలాశయం 105 టి.ఎం.సి.ల ప్రాంతానికి తగ్గిపోయింది. నీటి పంపకాన్ని 1953లో ఏర్పడిన తుంగభద్ర బోర్డు చూస్తున్నది. ‘కాలువకు నీళ్లు తెస్తారా?’ అని శాసనసభ అభ్యర్థిని అడిగితే ‘తప్పక తెస్తాను’ అంటాడు. ఆ మాటకు విలువ లేదు. ‘తగ్గిన నిలువకు బదులుగా ఏ ప్రతిపాదనను మీరు బలపరుస్తారు? బోర్డులో మన రాష్ట్రం ఏమి అడగవలెనని కోరుతారు?’ అని అడిగితే, తెలిసినవాడూ తెలియనివాడూ విడివడిపోతారు.

కడప వైపు వస్తే, 2021 నవంబరు 19న చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, రాజంపేట ప్రాంతంలో పులపుత్తూరు వంటి గ్రామాలు నష్టపోయినవి. అక్కడి అభ్యర్థిని అడగవలసినది కట్టను గూర్చి ఒక్కటే కాదు. వరద హెచ్చరికను గూర్చి, గేట్ల మరమ్మతుకు ఏటా కేటాయించే సొమ్మును గూర్చి కూడా. ఉక్కు కర్మాగారం సంగతి చూడండి. కడప జిల్లాలో దాని సాధ్యాసాధ్యాలను పరిశీలించవలెనని 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలోనే ఉన్నది. అది కేంద్రంతో ముడిపడినది. ఆ ప్రశ్న లోక్‌సభ అభ్యర్థికి మొదట చెందుతుంది. ఊరి త్రాగునీటి కుళాయిని గూర్చి లోక్‌సభ అభ్యర్థిని, రెండు రాష్ట్రాల నీటి తగాదాను గూర్చి సర్పంచి అభ్యర్థిని అడిగే పోలిక నవ్వులపాలవుతుంది. కాబట్టి ఏ పదవికి ఏ అధికారం ఉన్నదో నాలుగు వాక్యాలలో మొదట చెప్పి, ఆ పదవికి తగిన ప్రశ్నలనే సాధనం అడగవలె. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక మొదలుకొని మన సీమవారు వినిన వాగ్దానాలకు లెక్కలేదు. ఎవరు, ఏ అధికారంతో, ఏ గడువులోపల చేయగలరో చెప్పించని వాగ్దానం నీరులేని కాలువవంటిది.

ముందు పదవిలో ఉండి మళ్లీ పోటీచేసేవారి విషయంలో మాటలతోపాటు పని కూడా చూడవచ్చును. సభకు ఎన్నిరోజులు వచ్చినారు, ఏ ప్రశ్నలు అడిగినారు అనే లెక్కలను పి.ఆర్.ఎస్. అనే సంస్థ పార్లమెంటు సభ్యుల విషయంలో ప్రకటిస్తున్నది. ఇక్కడ కూడా అంకెను గుడ్డిగా పోల్చరాదు. మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయరు. వారికి హాజరు లెక్క ఉండదు. ఆ సంగతి చెప్పకుండా గడి ఖాళీగా వదలితే, మంత్రి సభకే రాలేదని ఓటరు అనుకోవచ్చును.

ఇటువంటి సాధనం నడపడంలో పాటించవలసిన కట్టుబాట్లు కొన్ని గలవు. అన్నింటికంటె ముందు, అభ్యర్థులందరికీ సమానమైన చోటు. జర్మనీలో 2019 మే నెలలో ఒక చిన్న పార్టీ కోర్టుకు వెళ్లింది. వాల్‌ఒమాట్ ఒకసారి ఎనిమిది పార్టీలనే పోల్చనిస్తున్నదనీ, అందువల్ల జనం తెలిసిన పెద్ద పార్టీలనే ఎంచుకొంటున్నారనీ దాని ఫిర్యాదు. కొలోన్ నగర న్యాయస్థానం ఆ ఫిర్యాదు న్యాయమైనదని ఆ పద్ధతిని ఆపించింది. తరువాత అన్ని పార్టీలను పోల్చే వీలు కల్పించినారు. ఎంతో పేరున్న సాధనంలో కూడా ఒక చిన్న అమరిక అన్యాయానికి దారితీసింది. మనకు వరుసను గూర్చి తగవు అక్కరలేదు. ఓటింగు యంత్రం మీద ఏ వరుసలో పేర్లున్నవో, సాధనంలోను అదే వరుస ఉంటే చాలును. ఓటరుకు కూడా అది అలవాటవుతుంది. అభ్యర్థి జవాబు ఇవ్వకపోతే ‘జవాబు ఇవ్వలేదు’ అని మాత్రమే వ్రాయవలె; పార్టీ మాటను అతని మాటగా ఊహించి వ్రాయరాదు.

రెండవ కట్టుబాటు, మార్కులు వేయరాదు. ‘ఈయనకు డెబ్బై, ఆయనకు యాభై’ అనగానే ఓటరు ఆలోచన ఆగిపోతుంది. ఆ మార్కులు ఎట్లు వేసినారనే తగవు మొదలవుతుంది. మూడవది, ప్రశ్నలు ఎవరు కూర్చినారు, ఖర్చు ఎవరు పెట్టినారు అనేవి మొదటి పుటలోనే కనిపించవలె.

నాల్గవది మన సీమకు ప్రాణప్రదమైనది. ఓటరు తన అభిప్రాయాలను సాధనానికి చెప్పుకొంటాడు. ఆ జవాబులు ఎవరి చేతిలోనైనా పడితే? రహస్య ఓటు మన చట్టం ఇచ్చిన రక్షణ. ఓట్ల లెక్కింపులో ఏ పోలింగు కేంద్రంలో ఎవరికెన్ని వచ్చినవో ఇప్పటికే బయటపడుతున్నది. ఊరు ఎటు మొగ్గిందో తెలిసిపోతున్నది. ఇక ఇల్లు ఎటు మొగ్గిందో కూడా తెలిసే పరిస్థితి రారాదు. కక్షలున్న ఊరిలో ఒక ఫోను నంబరుకు ఎదురుగా నాలుగు జవాబులు వ్రాసి ఉంచితే, అది కాగితం కాదు, ముప్పు. కావున సాధనం పేరు అడగరాదు, నంబరు అడగరాదు, జవాబులను ఫోను దాటి పోనీయరాదు. పని ముగిసినంతనే వాటిని చెరిపివేయవలె. ఈ హామీ ఇవ్వలేని సాధనాన్ని, అది ఎంత అందంగా ఉన్నప్పటికీ, మన గ్రామాలలో ప్రవేశపెట్టకపోవడమే మేలు.

ఇదంతా ఎవరు చేయగలరు? అఫిడవిట్లకు సంబంధించిన మార్పులు ఎన్నికల సంఘం చేయవలసినవి. ప్రశ్నల పని మనవారే చేయవచ్చును. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నది, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉన్నది. రాజనీతి, అర్థశాస్త్రం, కంప్యూటరు విద్య చదివే విద్యార్థులు అక్కడ ఉన్నారు. ఎన్నికలు రాకముందే వారు ఊళ్లకు పోయి, రైతులను, కూలీలను, మహిళాసంఘాలవారిని విచారించి, ఒక్కొక్క నియోజకవర్గానికి ఇరవై ప్రశ్నలు సిద్ధం చేయవచ్చును. వాటిని వేర్వేరు పక్షాలవారికి చూపి, మాటలలో మొగ్గు ఉన్నదేమో దిద్దించుకోవచ్చును. అభ్యర్థుల జవాబులను ఫోనులోనే గాక, ఒకే కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసి రచ్చబండ దగ్గర, అంగన్‌వాడీలో, రేషను దుకాణం ముందు అంటించవచ్చును. సర్పంచి ఎన్నికలలో ఇది మరీ అవసరం. ఆ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి గనుక, అక్కడ పోల్చవలసినది మనిషినీ, అతని మాటనూ మాత్రమే.

రేడియోకు కూడా ఇందులో పని ఉన్నది. 1977 ఎన్నికలనుండి ఆకాశవాణి గుర్తింపు పొందిన పార్టీలకు ప్రసార సమయం కేటాయిస్తున్నది. ఎవరి వంతు ఎప్పుడో చీటీలు వేసి నిర్ణయిస్తారు. ఇదే నీతిని పోలిక సాధనానికి కూడా అన్వయించవచ్చును. ఒకే ప్రశ్న, ఒకే వ్యవధి, చీటీలో వచ్చిన వరుస.

ఇక ఇంటింటి పని మిగిలింది. ఈ పత్రిక చదివే ఇండ్లలో చదువుకొన్న పిల్లలున్నారు, ఫోనులున్నవి. ఉపసంహరణ గడువు ముగిసిన మరునాటి సాయంకాలం ఇంటిల్లిపాదీ కూర్చుండి, అభ్యర్థుల అఫిడవిట్లలోని సంగ్రహాలను ఒకరు చదువగా తక్కినవారు వినవచ్చును. ఇంట్లో పనిచేసే మనిషిని, ప్రక్కింటి అవ్వను కూడా పిలవండి. వినిపించేటప్పుడు పొగడకండి, తెగడకండి. ఉన్నది ఉన్నట్లు చదవండి. తరువాత అభ్యర్థి మీ వీధికి వచ్చి చేతులు జోడించినప్పుడు, దండ వేసేముందు, మీ ఊరి నీటిని గూర్చి గడువుతో కూడిన ప్రశ్న ఒకటి అడగండి. అతడు ఏమి చెప్పినాడో ఆ రాత్రే ఒక కాగితం మీద తేదీతో వ్రాసిపెట్టుకొనండి. ఐదేండ్ల తరువాత మళ్లీ పోల్చి చూడడానికి ఆ కాగితం పనికివస్తుంది.